ఉత్తర సముద్రం నుండి నల్ల సముద్రం దాకా: పన్నెండు వందల ఏళ్ళ కాలువ కథ

ఈ విశేష సంచికకు మన శాఖను గుర్తుచేసేది ఏదైనా వ్రాయవలసిందని కార్యదర్శిగారు కోరారు. పే రివిజన్ గురించీ, డి.ఏ. బకాయిల గురించీ వ్రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను కాలువల మనిషిని. 1967లో గోదావరి డెల్టాలో ఓవర్సీరుగా చేరిననాటికి కాలువల మీద సరుకు పడవలు ఇంకా తిరుగుతుండేవి. ధాన్యం, ఉప్పు, కలప, బెల్లం పడవల మీద పోయేవి. లాకు దగ్గర పడవ వచ్చి ఆగటం, లస్కర్లు తలుపులు మూయటం, తూము ఎత్తగానే నీరు సుడులు తిరుగుతూ పడవను పైకి లేపటం మనలో పాతవారందరూ చూసినదే. అందుచేత లాకు అంటే ఏమిటో ఇక్కడ వివరించవలసిన పని లేదు.

నేను చెప్పబోయేది యూరపు ఖండంలోని ఒక కాలువ కథ. పేరు రైన్–మైన్–డాన్యూబ్ కాలువ. పడమటి కొసన ఉత్తర సముద్రం, తూర్పు కొసన నల్ల సముద్రం, ఈ రెంటికీ మధ్య సుమారు 3,500 కిలోమీటర్ల నీటిదారి. హాలెండులోని రోటర్డాం రేవులో సరుకు ఎక్కించిన పడవ సముద్రం మొహం చూడకుండా జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, సెర్బియా మీదుగా రుమేనియా చేరవచ్చు. ఇంత దూరంలో మనిషి కొత్తగా తవ్వింది 171 కిలోమీటర్లు మాత్రమే. ఆ 171 కిలోమీటర్ల కోసం పట్టిన కాలం దాదాపు పన్నెండు వందల సంవత్సరాలు.

కారణం అర్థం కావాలంటే మన త్ర్యంబకాన్ని తలచుకోవాలి. గోదావరి పుట్టిన చోటు అరేబియా సముద్రానికి ఎంతో దూరం కాదు. అయినా నది అటు పోదు, తూర్పుకు తిరిగి బంగాళాఖాతం దాకా వస్తుంది. గట్టుకు అవతల పడ్డ చినుకు ఒక సముద్రానికి, ఇవతల పడ్డ చినుకు ఇంకొక సముద్రానికి. దక్షిణ జర్మనీలో కూడా అంతే. రైన్ నది వాయవ్యంగా ఉత్తర సముద్రానికి పోతుంది. దాని ఉపనది మైన్. డాన్యూబ్ తూర్పుగా నల్ల సముద్రానికి పోతుంది. దాని ఉపనది ఆల్ట్‌మ్యూల్. ఈ రెండు నదుల కుటుంబాలూ బవేరియాలో ఒకదాని పక్కకు ఒకటి వచ్చి, చేయి కలపకుండానే విడిపోతాయి. ట్రాయిష్ట్‌లింగెన్ అనే ఊరి దగ్గర ఆల్ట్‌మ్యూల్‌కూ, రైన్ వైపు పోయే రెజాట్ అనే వాగుకూ మధ్య ఎడం రెండు కిలోమీటర్ల చిల్లర. చూసినవాడికెవడికైనా తవ్వేద్దామనే అనిపిస్తుంది.

మొదట అలా అనిపించింది ఫ్రాంకుల రాజు షార్లమేన్‌కు. క్రీ.శ. 793వ సంవత్సరం. తూర్పున అవారులతో యుద్ధం, ఉత్తరాన సాక్సనులతో యుద్ధం. రెండు వైపులకూ సైన్యాన్నీ, తిండిగింజల్నీ పడవల మీద తిప్పవచ్చునని సలహాదారులు చెప్పారు. రాజు స్వయంగా వచ్చి కూర్చుని వేలమంది కూలీలతో పని చేయించాడు. ఆనాటి రాజవంశ వృత్తాంతంలో కాలువ పొడవు రెండువేల అంగలు, వెడల్పు మూడువందల అడుగులు అని ఉన్నది. పని ఎందుకు చెడిందో కూడా ఉన్నది: ఎడతెగని వానలు, బురదనేల, పగలు తవ్విన మట్టి రాత్రికి తిరిగి జారి గుంటలో పడటం. మన శాఖలో నల్లరేగడిలో కాలువ తవ్వించిన వారికి ఈ వాక్యం చదవగానే తమ పాత ఎస్టిమేట్లు గుర్తుకు వస్తాయి. పన్నెండు వందల ఏళ్ళ నాటి రాతలో జారుడుకట్ట అంత స్పష్టంగా కనబడటం నాకు ముచ్చట వేసింది.

ఇదంతా కట్టుకథేమోనని కొందరు అనుమానించేవారు. ఇటీవలి కాలంలో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వి, గట్టు జారకుండా వరుసగా దిగగొట్టిన ఓకు దుంగలను బయటకు తీశారు. దుంగలోని వలయాలను లెక్కపెడితే చెట్టు కొట్టిన సంవత్సరం తెలుస్తుంది. లెక్క 793కే వచ్చింది. అయితే కాలువ వెడల్పు మాత్రం వృత్తాంతంలో చెప్పినంత లేదు, అయిదారు మీటర్లే. బహుశా పోసిన మట్టికట్టల మధ్య దూరాన్ని వ్రాసేవారు కాలువ వెడల్పుగా లెక్కవేసి ఉంటారు. ఇప్పటికీ ఆ ఊరి పేరు గ్రాబెన్. ఆ మాటకు గుంట, కందకం అని అర్థం. కొన్ని వందల మీటర్ల మేర నీళ్ళు నిలిచిన ఆ గుంట ఊరి పక్కన ఇంకా ఉన్నది.

తర్వాత వెయ్యేళ్ళపాటు చెప్పుకోదగ్గ పని జరగలేదు. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ దీన్ని మళ్ళీ ఎత్తుకున్నాడు. పెఖ్‌మన్ అనే ఇంజనీరు పథకం వేయగా 1836లో పని మొదలై 1846కు పూర్తయింది. మైన్ వైపు బాంబెర్గ్ నుండి డాన్యూబ్ ఒడ్డున కెల్‌హైమ్ దాకా సుమారు 172 కిలోమీటర్లు, వంద లాకులు! పారలు, గునపాలు, తోపుడుబళ్ళతో తవ్విన కాలువ అది. లాకు వెడల్పు 4.7 మీటర్లకు లోపే. గట్టుమీద గుర్రం నడుస్తూ తాడుతో పడవను లాగేది. పడవకు 120 టన్నుల సరుకు.

పనితనంలో లోపం లేదు. లోపమంతా కాలంలో ఉన్నది. జర్మనీలో మొదటి రైలు 1835లో, కాలువ పని మొదలుపెట్టడానికి ఒక ఏడు ముందు నడిచింది. అదీ ఎక్కడ? ఈ కాలువ దారిలోనే ఉన్న నూరెంబర్గ్ నుండి పక్క ఊరు ఫ్యూర్త్‌కు. కాలువ పూర్తయ్యేలోగానే నూరెంబర్గ్–బాంబెర్గ్ మధ్య కూడా రైలు వచ్చేసింది. వంద లాకులు దాటుకుంటూ రోజుల తరబడి పోయే గుర్రపు పడవ రైలుతో ఎలా పోటీపడగలదు? పైగా రెండు కొసలా ఉన్న నదులు ఎండాకాలంలో లోతు చాలక పెద్ద పడవలను రానిచ్చేవి కావు. కాలువ ఎలాగో వందేళ్ళు ఈదింది. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్నది. 1950లో అధికారికంగా మూసేశారు.

సరిగ్గా ఆ కాలంలోనే మన దేశంలో ఇదే వాదం నడిచింది. మన డెల్టాల్లో ప్రతి ఇంటా పేరు తెలిసిన సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టతో తృప్తిపడినవాడు కాడు. ఇండియాకు ముందు కావలసింది రైలు కాదు, నీటిదారి అన్నది ఆయన జీవితాంతం విడవని వాదన. కలకత్తా నుండి కరాచీకి గంగను సింధుతో కలుపుతూ ఒక దారి, మన కాకినాడ నుండి గోదావరి వెంట ఎక్కి తపతి వెంట సూరత్‌కు దిగే దారి, తుంగభద్ర మీదుగా కార్వారుకు ఒకటి, పాలఘాటు సందులోంచి ఇంకొకటి. మొత్తం నాలుగువేల మైళ్ళు, మూడుకోట్ల పౌన్లు అని ఆయన లెక్క. 1870లలో బ్రిటిషు పార్లమెంటు కమిటీల ముందు ఈ వాదన వినిపించాడు. కమిటీకి నచ్చలేదు, రైళ్ళే గెలిచాయి. కాటన్‌గారి మీద నాకు ఎంత గౌరవమున్నా ఒక మాట చెప్పాలి. కాకినాడ నుండి సూరత్ పోవాలంటే మధ్యలో గట్టు ఎక్కాలి. గట్టు మీద లాకులకు నీళ్ళెవరిస్తారు?

శిఖర కాలువలన్నిటికీ అసలు చిక్కు ఇదే. మన డెల్టా కాలువల్లో నీరు ఆనకట్ట దగ్గర తలతూము నుండి సముద్రం వైపు వాటంగా దిగుతుంది. లాకులో ఎంత నీరు ఖర్చయినా దిగువ పొలాలకు పోతుంది, వృథా అనేది లేదు. గట్టెక్కే కాలువలో అలా కాదు. శిఖరం మీది నుండి ఇటు ఒక పడవ దిగితే ఒక లాకు నిండా నీరు ఇటు పోతుంది, అటు దిగితే అటు పోతుంది. పోయిన నీరు తిరిగి రాదు, ఎందుకంటే శిఖరానికి పైన నది ఉండదు. లుడ్విగ్ కాలువకు చుట్టుపక్కల వాగుల నీటిని పిల్లకాలువలతో తెచ్చి పోసేవారు. చిన్న లాకులు కాబట్టి సరిపోయింది.

ఇప్పటి కాలువకు 1921లో నాంది పడింది. జర్మను ప్రభుత్వం, బవేరియా కలిసి ఒక కంపెనీ పెట్టాయి. దానికి మైన్, డాన్యూబ్ తదితర నదుల మీద జలవిద్యుత్ కేంద్రాలు కట్టుకునే హక్కు ఇచ్చి, కరెంటు అమ్మిన డబ్బుతో కాలువ తవ్వమన్నారు. ఇది నాకు చాలా తెలివైన ఏర్పాటుగా తోచింది. ముందు నదులను సరిచేశారు. మైన్ నది మీద మైంజ్ నుండి బాంబెర్గ్ దాకా 34 లాకులతో 1962కు పడవదారి తయారైంది. అక్కడి నుండి నూరెంబర్గ్‌కు 1972లో నీళ్ళు చేరాయి. ఆ తర్వాత గట్టు.

గట్టెక్కే దారిలోనే ఘోరం జరిగింది. 1979 మార్చి 26న నూరెంబర్గ్ పక్కన కాట్స్‌వాంగ్ అనే చోట కొత్తగా కట్టిన కట్ట తెగింది. అక్కడ కాలువ నేలకంటె ఎత్తున కట్టల మధ్య పోతుంది. తెగిన నీరు ఊరి మీద పడి ఇళ్ళను కొట్టుకుపోయింది, పన్నెండేళ్ళ బాలిక ప్రాణం పోయింది. గట్టు మీద కాలువను నడిపిన వారెవరికైనా ఇది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. వర్షాకాలంలో లస్కరు లాంతరు పట్టుకుని రాత్రంతా గట్టు వెంట నడిచేవాడు. ఎలుకబొక్క నుండి ఊటగా తడి కనబడితే చాలు, తెల్లవారకుండానే ఇసుక బస్తాలు వచ్చి పడేవి. ఆ రోజుల్లో లస్కరు జీతం ఎంతో మనకు తెలుసు. అతని నడక విలువ ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

ఆ తర్వాత రాజకీయాలు. 1980ల మొదట్లో కేంద్రమంత్రే ఈ కాలువను బాబెల్ గోపురం తర్వాత మనిషి తలపెట్టిన అతి తెలివితక్కువ కట్టడమన్నట్టు మాట్లాడాడు. పని ఆపేయాలని ఢిల్లీ వంటి బాన్ అంటే, ఆపడానికి వీల్లేదని బవేరియా. ఆల్ట్‌మ్యూల్ లోయ అందం పోతుందని ప్రజలు ఉద్యమించారు. ఆ ఉద్యమం పూర్తిగా వృథా కాలేదు, కాలువ ఒడ్డున పాత నది మలుపులను, తుంగపొదల మడుగులను కొంత మేర తిరిగి కల్పించారు. చివరకు 1992 సెప్టెంబరు 25న కాలువ తెరిచారు. ఖర్చు సుమారు 470 కోట్ల మార్కులు.

మా అమ్మాయి నూరెంబర్గ్‌లో ఉన్నప్పుడు 2011లో వెళ్ళి ఆ గట్టు లాకుల్ని చూశాను. హిల్పోల్ట్‌స్టైన్ లాకు ఒడ్డున నిలబడి కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. పొడవు 190 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు, నీరు ఎత్తేది దాదాపు 25 మీటర్లు. అంటే ఎనిమిది అంతస్తుల మేడ ఎత్తుకు పడవ లేస్తుంది. తలుపుల దగ్గర ఒక్క మనిషి కనబడలేదు, అంతా దూరంగా ఎక్కడో గదిలో కూర్చుని నడుపుతారట. బాంబెర్గ్ వైపు నుండి 11 లాకులతో 175 మీటర్లు ఎక్కి, డాన్యూబ్ వైపు 5 లాకులతో 68 మీటర్లు దిగుతుంది. నూరు లాకుల పని పదహారింటితో అయిపోయింది. శిఖరం మీద పదహారు కిలోమీటర్ల సమతలం, సముద్రమట్టానికి 406 మీటర్లు.

నీటి లెక్క ఇలా ఉన్నది. అంత పెద్ద లాకు ఒకసారి నిండాలంటే సుమారు 56 వేల ఘనపు మీటర్లు కావాలి. మన పాత లెక్కలో ఇరవై లక్షల ఘనపుటడుగులు, అంటే ఒక రోజంతా 23 క్యూసెక్కులు వదిలినంత. అందుకని లాకు పక్కనే మెట్లమెట్లుగా మూడు పెద్ద తొట్లు కట్టారు. లాకులోని నీటిని అయిదు పొరలనుకోండి. ఖాళీ చేసేటప్పుడు పై పొర పై తొట్టిలోకి, రెండోది నడిమి తొట్టిలోకి, మూడోది కింది తొట్టిలోకి తీస్తారు. మిగిలిన రెండు పొరలే దిగువకు పోతాయి. మళ్ళీ నింపేటప్పుడు కింది తొట్టి ముందు, పై తొట్టి చివర. అయిదింట మూడు వంతులు మిగిలినట్టే. పంపు లేదు, ఖర్చు లేదు, ఉత్త వాటం. దీన్ని మన పాత హెడ్ లస్కర్లకు చూపిస్తే ఎంత సంతోషించేవారో!

తొట్లు ఎంత పొదుపు చేసినా శిఖరానికి నీరు ఎక్కించక తప్పదు. డాన్యూబ్ వైపు నుండి అయిదు లాకుల దగ్గరా పంపులు పెట్టి పైకి తోడుతారు. ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఆల్ప్సు పర్వతాల పుణ్యమా అని బవేరియా దక్షిణాన నీరు సమృద్ధి. ఉత్తరాన నూరెంబర్గ్ ప్రాంతం ఎండు ప్రాంతం, అక్కడి నదులు వేసవిలో చిక్కిపోతాయి. ఎలాగూ పంపులు పెడుతున్నాం కదా, లాకులకు కావలసిన దానికంటె ఎక్కువ తోడి అటువైపు వదిలితే ఏమని 1970లోనే బవేరియా శాసనసభ తీర్మానించింది. ఇప్పుడు ఏటా సుమారు 12.5 కోట్ల ఘనపు మీటర్లు కాలువ ద్వారా గట్టు దాటుతాయి. మన లెక్కలో 4.4 టి.ఎం.సి.లు. మరికొంత వేరే దారిన చెరువుల మీదుగా పోతుంది. ఆ చెరువుల చుట్టూ ఇవాళ విహారకేంద్రాలున్నాయి.

సరుకు రవాణా మాత్రం ఆశపెట్టినంత ఎన్నడూ రాలేదు. కాలువలో ఇప్పుడు కంటికి ఇంపుగా కనబడేది యాత్రికుల్ని మోసే పొడవాటి తెల్లని ఓడలు. పడవల కోసం తవ్విన కాలువ నీళ్ళకు పనికివచ్చింది. నా మట్టుకు నాకు ఇది ఓటమిగా తోచలేదు. మనకు దీనికి సరిగ్గా ఎదురు అనుభవం ఉన్నది. మన డెల్టా కాలువలు సాగుకూ పడవకూ కలిపి తవ్వినవి. రెండో పంట వచ్చి, లారీలు వచ్చి, పడవ తప్పుకుంది. తర్వాత రోడ్లవారు కట్టిన వంతెనల కింద తెరచాప పడవ సంగతి అటుంచి, మామూలు లాంచీ కూడా దూరలేదు. 2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి దాకా మన కాలువలను, గోదావరి, కృష్ణ నదుల భాగాలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాగితం మీద 1,078 కిలోమీటర్లు. ప్రకటన చదివినప్పుడు సంతోషించాను. కాని ముందు ఆ వంతెనల జాబితా తీయాలని నా అభిప్రాయం. గోదావరి నీరు కృష్ణకు 2015లో పట్టిసీమ పంపులతో వచ్చింది కదా. అక్కడా నీరే ప్రయాణించింది, పడవ కాదు.

డాన్యూబ్ వైపు కష్టాలు కాలువ తెరవకముందే మొదలయ్యాయి. 1992లో యుగోస్లావియా మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పడి, నది నడుమ నుండే రాకపోకలకు ఆటంకం వచ్చింది. 1999లో నాటో విమానాలు నోవిసాద్ వంతెనలను కూల్చితే శిథిలాలు నదిలో పడి దారి మూసుకుంది. తర్వాత అక్కడ అడ్డంగా పడవల వంతెన వేశారు. పూర్తిగా తెరపి వచ్చేసరికి 2005 అయింది. బవేరియాలోనే స్ట్రౌబింగ్, ఫిల్స్‌హోఫెన్ ఊళ్ళ మధ్య డెబ్బై కిలోమీటర్ల మేర నదికి ఆనకట్ట లేదు, లోతు తక్కువ. అక్కడ ఆనకట్ట కట్టాలా వద్దా అని దశాబ్దాలు కొట్లాడి, 2013లో వద్దనుకున్నారు. ఆ నది ఆ మేర నదిగానే ఉంటుంది, పడవలే సర్దుకోవాలి.

ఎండలు ముదిరినప్పుడు రెండు కొసలా చిక్కే. రైన్ మీద కౌబ్ గేజీ 2018 అక్టోబరులో 25 సెంటీమీటర్లకు పడిపోయింది. గేజీ సున్నా నది అడుగు కాదని మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, అయినా పడవలు పావువంతు సరుకుతో నడవవలసి వచ్చింది. 2022 వేసవిలో డాన్యూబ్ తగ్గిపోతే సెర్బియాలో ప్రహోవో దగ్గర 1944లో జర్మనులు తామే ముంచుకున్న యుద్ధనౌకలు బయటకు తేలాయి.

నది చివరి మలుపు సంగతి కూడా చెప్పాలి. డాన్యూబ్ రుమేనియాలో నల్ల సముద్రానికి దగ్గరగా వచ్చి, ఉత్తరానికి తిరిగి చుట్టుపోతుంది. ఆ చుట్టు తప్పించడానికి చెర్నవోదా నుండి కాన్‌స్టాంట్సా రేవు వైపు 1949లో కాలువ మొదలుపెట్టారు. రాజకీయ ఖైదీలతో, భూములు లాక్కున్న రైతులతో తవ్వించారు. ఎంతమంది చనిపోయారో ఒక లెక్క లేదు, జనం దాన్ని మృత్యుకాలువ అన్నారు. 1953లో ఆపేశారు. తర్వాత యంత్రాలతో మళ్ళీ తవ్వి 1984లో తెరిచారు. 64 కిలోమీటర్లు. మన బకింగ్‌హాం కాలువలో ఒక భాగం 1876–78 కరువులో ఆకలితో వచ్చిన కూలీలు తవ్వినదే. వారి పేర్లూ ఏ మస్తరు రోలులోనూ మిగలలేదు.

2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ఒడెస్సా రేవు మూతపడినప్పుడు ఆ దేశపు గోధుమలు, మొక్కజొన్నలు బయటకు రావడానికి డాన్యూబ్ ముఖద్వారంలోని ఇజ్మాయిల్, రేని అనే చిన్న రేవులు దిక్కయినాయి. అంతకుముందు వాటి పేరు విన్నవారే తక్కువ. సులీనా పాయ దగ్గర ఓడలు రోజుల తరబడి వరుసకట్టి ఆగాయి. పడవలు కొన్ని చెర్నవోదా కాలువలోంచి కాన్‌స్టాంట్సాకు ధాన్యం చేరవేశాయి. 2023లో ఇజ్మాయిల్ మీద డ్రోను దాడులు జరిగాయి. ఆ ఏడు చివరకు సముద్రపు దారి మళ్ళీ తెరుచుకుని నది మీద రద్దీ తగ్గింది.